పువ్వు గుర్తు టైర్లు

శాతాలు రాక ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను. లెక్కల అయ్యవారి బెత్తం విరిగింది గాని, నూటికి ఎనభై అంటే ఏమిటో నా బుర్రకు ఎక్కలేదు. పదేళ్ల తర్వాత ఆ పాఠం నాకు ఒక టైరు చెప్పింది, బెత్తం లేకుండా. టైరు పక్కన 165/80 R14 అని అచ్చు పోసి ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతులు టైరు గోడ ఎత్తు. మూడోది, లోపలి ఇనప చక్రం అడ్డకొలత, అంగుళాల్లో. ఇంతే విద్య. ఈ మూడు అంకెల మీద కర్నూల్లో ఇరవై ఏళ్లకు పైగా అన్నం తింటున్నాను.

మా అక్క విషయంలో ఈ మూడు అంకెలూ నేను సరిగ్గానే చూశాను. వాటి పక్కనున్న బొమ్మ దగ్గర తప్పు చేశాను.

మేము దూదేకులవాళ్లం. నాయన పరుపులు కుట్టేవాడు. ఊరూరా తిరిగి, ఇళ్ల ముందు విల్లు వేలాడగట్టి, గట్టిపడిన పాత దూదిని ఏకి, మళ్లీ మెత్తగా చేసి కుట్టి ఇచ్చేవాడు. అమ్మ తొందరగా పోయింది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దదైన అక్కే సూదీ దారం పట్టుకొని నాయన వెంట తిరిగింది. కుట్టిన పరుపును ఆమె బొటనవేలితో ఒకచోట గట్టిగా నొక్కి, వేలు తీసి, ఆ గుంత పైకి లేచేదాకా కళ్లార్పకుండా చూసేది. లేచిందా, సరే. లేవలేదా, కుట్లు విప్పాల్సిందే. ఆ బొటనవేలు ఒప్పుకోని పరుపును నాయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నేను పలకా పుస్తకం మూలన పడేసిన రోజు నాయన చెయ్యెత్తితే అక్కే అడ్డం వచ్చింది. వీనికి నోరుంది, ఎట్లయినా బతుకుతాడులే అంది. నోటితో పాటు చేతులు కూడా ఉన్నాయని ఆమెకు చూపించాలనే పంతంతో టైర్ల కొట్టులో పనికి చేరాను. తర్వాత సొంత కొట్టు పెట్టాను. చేతులు పని నేర్చుకున్నాయి. నోరు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఆ నోటికి ఎక్కువగా దొరికేవాడు మా బావ. అక్క మొగుడు. బనగానపల్లె దాటి లోపలికి పోతే వచ్చే ఒక పల్లె వాళ్లది. బండలు నున్న చేసే ఫ్యాక్టరీలో పని చేసి, ఆ దుమ్ము పడక మానేసి, ఒక పాత చిన్న కారు కొని బాడుగకు తిప్పుకొనేవాడు. గురువారం వస్తే మంత్రాలయం పోయే భక్తులు, మామిడి కాలంలో తోటలు చూడ్డానికొచ్చే వ్యాపారులు, తక్కిన రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్లు. బావను ఎగతాళి చేయడం మా ఇళ్లలో బామ్మర్దికి పుట్టుకతో వచ్చే హక్కు. నేను ఆ హక్కును ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు. కారు కొన్న కొత్తలో ఆయన గాలి కొట్టించుకోవడానికి వస్తే, నలుగురు గిరాకీల ముందు, బావా, నీ బండి లావుపాటి మనిషికి కోడికాళ్లు పెట్టినట్టుందే అన్నాను. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు గాని చెవులు ఎర్రబడ్డాయి. వారం తిరక్కుండానే వచ్చి, నా బండికి కూడా పిక్కలు తెప్పించప్పా అన్నాడు.

పిక్కలు తెప్పించాను. పద్నాలుగు అంగుళాల ఇనప చక్రాలు తీసేసి, పదహారు అంగుళాల అల్లాయ్ చక్రాలు వేశాను. ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. లోపలి చక్రం పెద్దదైనా, టైరుతో కలిపిన మొత్తం ఎత్తు మారకూడదు. మారితే మీటరు అబద్ధాలు చెబుతుంది, టైరు బండి ఒంటికి రాసుకుంటుంది. కాబట్టి ఇనుము పెరిగిన మేరకు రబ్బరు తగ్గాలి. పాత టైరుకు నేలకూ ఇనుముకూ మధ్య బెత్తెడున్నర గోడ ఉండేది. కొత్తదానికి బెత్తెడు మిగిలింది. బండి పెళ్లికొడుకులా మెరిసింది. బావ మురిసిపోయాడు. పాత చక్రాలు నా కొట్టు రేకుల మీదికి ఎక్కాయి.

రెండేళ్లు గడిచాయి. అక్కకు కిడ్నీలు చెడిపోయాయి.

వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయాలన్నారు. వాళ్లకు దగ్గర్లో ఖాళీ దొరకలేదు, కర్నూల్లో దొరికింది. మంగళవారం, శుక్రవారం. పొద్దున్నే బయలుదేరి, నాలుగు గంటలు మిషను మీద పడుకొని, సాయంత్రానికి ఇల్లు చేరాలి. నా ఇంట్లోనే ఉండిపోక్కా అని కాళ్లావేళ్లా పడ్డాను. కళ్లు కనబడని అత్త కోడలి చేతి ముద్ద తప్ప ఇంకొకరి చేతిది తినదని ఆమె ఒప్పుకోలేదు. వచ్చే దారిలో సగం బండల లారీలు తొక్కి తొక్కి గుల్ల చేసిన దావ. ఈ జబ్బు ఎముకల్ని కూడా తినేస్తుందని మాకు తర్వాత తెలిసింది. వెనక సీటు మీద నాయన కుట్టిన ఆఖరి పరుపు మడిచి వేసి, ఆమెను పడుకోబెట్టి తెచ్చేవాడు బావ. మూడు నెలలు అట్లా వచ్చింది.

నవంబరులో ఒక మంగళవారం, తిరుగు ప్రయాణంలో కొట్టు ముందు ఆగారు. బావ టీకి పోయాడు. నేను కిటికీలోంచి తల పెట్టి, ఏం మహారాణీ, పల్లకి బాగుందా అన్నాను. అక్క కళ్లు తెరవలేదు.

"నవ్వించాకురా. నవ్వినా నొప్పే."

తల వెనక్కు తీసుకున్నాను. ఆమే మళ్లీ అంది.

"ఇంక నేను రానురా. ఆడ సూదులు పెట్టుకోని ఎంతసేపైనా పడుకుంటా. ఈ దావే నాతో కాదు. గుంతకొక ఎముక ఊడొస్తాండాది. మీ బావకు నువ్వే చెప్పల్ల."

మానేస్తే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఒంట్లో నీళ్లు పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయి. పది రోజులో, పదిహేను రోజులో. డాక్టరు అది మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆమె ఆ మాట బాగా ఆలోచించుకొనే అంటున్నదని ఆ గొంతును బట్టి నాకు అర్థమైంది. ఒక నెల ఆగక్కా, దావ సంగతి నాకు వదిలెయ్ అన్నాను. దావ వేయించేంత మొనగాడివా అని అడగలేదు ఆమె. మామూలుగా అయితే అడిగేది.

ఆ వారం శుక్రవారం అక్కను ఆసుపత్రిలో దింపి బావ కొట్టుకు వచ్చాడు. బావా, నన్ను వెనక పడుకోబెట్టి ఆ గుంతల దావ దాకా తోలు అన్నాను. ఏం జబ్బప్పా నీకు అన్నాడు. బుద్ధి లేని జబ్బు అన్నాను. అది ఎగతాళి కాదని ఆయనకు తెలియదు.

సూదులు గుచ్చే చేతిని అక్క ఎట్లా గుండెల మీద పెట్టుకుంటుందో అట్లా పెట్టుకొని, నాయన పరుపు మీద పడుకున్నాను. మంచి దావ ఉన్నంతసేపూ కునుకు కూడా వచ్చింది. తర్వాత మొదలైంది. పరుపు ఏం చేస్తుంది పాపం. కింద బెత్తెడు రబ్బరు, దాని కింద రాయి. ప్రతి దెబ్బా చక్రంలోంచి ఇనుములోకి, ఇనుములోంచి నా వెన్నెముకలోకి. నేను ఎనభై కిలోల మనిషిని, నాకు ఏ జబ్బూ లేదు. నాకే పళ్లు టకటకలాడాయి. బావ బండి ఏమీ ఉరికించడం లేదు, ఎడ్లబండిలా తోలుతున్నాడు. ప్రతి గుంతకూ ముందు, వెనక్కు తిరక్కుండానే, మెల్లగా ఒక మాట అంటున్నాడు.

"పట్టుకో."

మొదట నాతో అంటున్నాడనుకున్నాను. నాలుగో గుంత దగ్గర తెలిసింది, అది అలవాటు. వెనక ఎవరున్నా, ఎవరూ లేకున్నా, ఆ గుంత రాగానే ఆ మాట ఆయన నోట్లోంచి వస్తుంది. నేను సీటు అంచు పట్టుకున్నాను. ఈ పిక్కలు తెప్పించింది ఎవరు అని రేకు కప్పు వైపు చూస్తూ అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు, బామ్మర్దీ, నిజంగానే జబ్బు చేసిందా అని బావ రెండుసార్లు అడిగాడు.

మందు నాకు తెలుసు. పదహారు తీసేసి మళ్లీ పద్నాలుగు వేయాలి. బెత్తెడు గోడ మళ్లీ బెత్తెడున్నర కావాలి. రేకుల మీద చక్రాలు ఎట్లాగూ ఉన్నాయి. మామూలు టైర్లు నాలుగు తీసి వాటికి ఎక్కించి ఉంటే కథ అక్కడికి సరిపోయేది. కానీ కొట్టులో ఒక మూల ఇంకో నాలుగు టైర్లు ఉన్నాయి.

అవి ఆ ముందు ఎండాకాలంలో వచ్చాయి. మంచు కొండల్లో కాపలా కాసి, పదవి విరమించి, కడప పక్కన సొంతూరికి పోతున్న ఒక సిపాయి నా కొట్టు ముందు ఆగాడు. అన్నా, ఇవి చలికాలం టైర్లు, వీటితో మన ఎండల్లో తిరగలేను, మార్చు అన్నాడు. ఆ చలి దేశాల్లో మామూలు రబ్బరు కట్టెలా బిగుసుకుపోయి రోడ్డు మీద జారుతుందట. అందుకని వీటి రబ్బరు మెత్తగా చేస్తారు. పట్టు కోసం పైన సన్నసన్న గాట్లు పెడతారు. మరి మన ఎండకు ఏమవుతాయి అని అడిగాను. బెల్లం మాదిరి అయితాయి అన్నాడు. పక్కన మూడు శిఖరాల కొండ, దాని నడుమ ఆరు రేకుల పువ్వులాంటి మంచు రేకు బొమ్మ ఉంది. చలికాలం టైరుకు అదే గుర్తు. మా కర్నూల్లో చలికాలం అంటే మెడకు టవలు చుట్టుకొని ఇంకో గ్లాసు టీ తాగడం. వాటిని పారేయడానికి మనసొప్పక దాచాను. వచ్చినవాళ్లకల్లా చూపించి, తుంగభద్ర గడ్డ కట్టినప్పుడు రాప్పా, నీకే వేస్తా అని నవ్వించేవాణ్ణి.

ఆ శుక్రవారం సాయంత్రం ఆ టైర్ల ముందు కూర్చొని బొటనవేలితో నొక్కాను, అక్క పరుపు నొక్కినట్టు. వేలు దిగింది. తీస్తే మెల్లగా పైకి లేచింది. కొలత చూశాను. పద్నాలుగే. బావ చక్రాలకు చేసినట్టే ఉంది. ఎత్తు గోడకు తోడు మెత్త రబ్బరు కూడా అయితే, రెట్టింపు మెత్తన. ఎంత తెలివైనవాణ్ణి అనుకున్నాను. డిసెంబరు వస్తోంది. చలి నాలుగు నెలలు గడిపి, ఎండ ముదిరేలోగా మార్చేస్తే ఏమవుతుంది? సిపాయి చెప్పిన బెల్లం సంగతి గుర్తుంది. గుర్తుండే వేశాను.

రేకుల మీది నాలుగు చక్రాల్లో ఒకదాని అంచు వంకర పోయింది. డిక్కీలో స్టెప్నీగా ఉన్న ఐదో చక్రం తీసి లెక్క సరిచేశాను. వంకరది సరిచేయించి స్టెప్నీ చోట పెడతా అన్నాను బావతో. పల్లకికి ఎన్ని కాళ్లుంటే అన్నే బోయీలు చాలు, ఐదోవాడు దండగ అని కూడా అన్నాను. బావ ఊరుకోలేదు, స్టెప్నీ లేకుండా అంత దూరం ఎట్లప్పా అన్నాడు.

"నేనే నీ స్టెప్నీ బావా. ఫోన్ చెయ్యి, వస్తా."

తర్వాతి మంగళవారం అక్క ఆ బండిలో వచ్చింది. దిగేటప్పుడు తలుపు పట్టుకొని నిలబడింది, ఎన్నో వారాల తర్వాత. వంగి టైరును చూసింది. బొటనవేలితో నొక్కింది. అంత నీరసంలో కూడా ఆ వేలు తీసి, గుంత లేచేదాకా చూసింది. నాకు నాయన అక్కడెక్కడో నిలబడి తీర్పు కోసం చూస్తున్నట్టు అనిపించింది.

"మన నాయన చేతి మాదిరి ఉండాదిరా. ఇదేంది, పక్కన పువ్వు అచ్చేసినారు?"

నీ కోసం వేయించినక్కా అన్నాను. నిజం చెప్పి ఉండాల్సిన చోటు అదే. నోటికి వచ్చింది మాత్రం అది. అప్పటి నుంచీ అవి మాకు పువ్వు టైర్లు. బావ కూడా అట్లాగే అనేవాడు.

ఇంక రాను అన్న మాట అక్క మళ్లీ ఎత్తలేదు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. మంగళవారం, శుక్రవారం. తిరుగు ప్రయాణంలో కొట్టు ముందు ఆగినప్పుడు ఆమె కూర్చొని ఉండేది, పడుకొని కాదు. నా గిరాకీలను చూసి నాకంటే ముందు ఆమే వాళ్ల మీద పరాచికాలాడేది. ఈ నోరు నాకు యాడి నుంచి వచ్చిందని ఊళ్లో అడుగుతుంటారు, వచ్చి చూసుకోండి అనేవాణ్ణి. బావ వారం వారం స్టెప్నీ యాడప్పా అని అడుగుతూనే ఉన్నాడు. నేను ఛాతీ చరిచి చూపిస్తూనే ఉన్నాను. చక్రాల అంచులు కొట్టి సరిచేసే మనిషి అంగడి నా కొట్టుకు నాలుగు అంగళ్ల అవతల. అంత దూరం పోవడానికి నాకు నాలుగు నెలలు తీరిక దొరకలేదు.

రంజాను దాటగానే టైర్లు మార్చాలనుకున్నాను. ఆ ఏడు అక్కకు ఉపవాసాలు లేవు. పండగనాడు అందుకే ఏడ్చిందని బావ చెప్పాడు. పండగయ్యాక ఒక శుక్రవారం, ఆయన మసీదుకు పోయొచ్చేలోగా జాకీ తీసుకొని బండి కిందికి దూరాను. గాట్లు సగం అరిగిపోయి ఉన్నాయి. ఒక టైరు భుజం దగ్గర రబ్బరు చిన్న చిన్న ముక్కలుగా లేచి ఉంది. ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చిన అక్క జాకీని చూసి మొహం మాడ్చింది. పువ్వు టైర్లు తీస్తే నేను దిగి నడిచి పోతా అంది. ఎండలు వస్తాండాయి, ఇవి ఆగవు అన్నాను. ఏంటికి ఆగవు అని అడిగింది.

ఏంటికో చెప్పాలంటే, నా చేతులారా ఏం వేశానో చెప్పాలి. నీ మొగుడి బండికి మంచు దేశం టైర్లు తగిలించానని చెప్పాలి. ఇంకో రెండు వారాలు చూద్దాంలే మహారాణీ అని జాకీ దించేశాను. మెత్తదనం పోతే మళ్లీ ఇంక రాను అంటుందేమో అన్న భయం కూడా ఉంది. అది అబద్ధం కాదు. కానీ అదొక్కటే అనుకుంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టే.

మే నెల మొదట్లో ఒక మంగళవారం, పది దాటింది. నేల మీద కాలు పెట్టలేని ఎండ. ఫోన్ మోగింది. బావ.

"స్టెప్నీ, రా."

ఎగతాళిగా అనలేదు. వేరే మాట తట్టక అన్నాడు. వెనక కుడివైపు టైరు పైపొర ఒలిచిన తోలులా ఊడి చక్రానికి చుట్టుకుపోయిందట. కర్నూలుకు ఇంకా నలభై కిలోమీటర్ల పైనే ఉంది. కొట్టులో చేతికందింది బావ బండికి తీసిన పదహారు అంగుళాల అల్లాయ్ చక్రం ఒకటి, టైరుతో సహా. మోటారు సైకిలు మీద ట్యూబు ముక్కలతో కట్టుకొని పోయాను. గంటకు పైనే పట్టింది. దారిలో పోయేవాళ్లు ఎవరైనా ఎక్కించుకుంటారేమోనని బావ చేతులూపి చూశాడట. బండల లారీలే తప్ప ఏమీ రాలేదు. ఆగిన ఒక లారీ మెట్టు అక్క ఎక్కలేకపోయింది.

నేను పోయేసరికి దావ పక్క పేర్చిన నాపరాళ్ల దొంతర నీడలో కూర్చొని ఉంది. నీడ ఆమె మోకాళ్ల దాకానే ఉంది. ఒడిలో ఖాళీ నీళ్ల సీసా. పెద్దది. రోజుకు ఇన్ని గ్లాసులే అని డాక్టరు కొలత పెట్టిన మనిషి, సీసాడు నీళ్లూ తాగేసింది. ఆ ఎండలో బావ వద్దనలేకపోయాడు. ఎవరైనా ఎట్లా వద్దంటారు? నేను చక్రం మారుస్తుంటే జాకీ చేతికి కాలింది. ఊడిన టైరును బొటనవేలితో నొక్కి చూశాను. గుంత పడింది. అట్లాగే ఉండిపోయింది.

మూడు కాళ్లకు చెప్పులు, ఒక కాలికి బూటు. అట్లా కుంటుకుంటూ కర్నూలు చేరాం. అక్క సమయం దాటిపోయింది. ఆ మిషను మీద వేరేవాళ్లు ఉన్నారు. వాళ్లను మాత్రం ఎట్లా లేపుతారు? ఖాళీ అయ్యేసరికి ఆమె కూర్చోలేక, పడుకోలేక, ముందుకు వంగి ఊపిరి కోసం వెతుక్కుంటోంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. గుండె వాచిందన్నారు.

ఆ మంగళవారమే, అక్కను పడకకు చేర్చాక, మూడు పువ్వు టైర్లూ తీసి, నాలుగు మామూలు టైర్లు వేశాను. అదే పద్నాలుగు, అదే బెత్తెడున్నర గోడ. వంకర అంచు కొట్టించి, దానికీ ఒక టైరు ఎక్కించి స్టెప్నీ చోట పెట్టాను. అంచు కొట్టడానికి ఆ మనిషికి ఒక గ్లాసు టీ తాగేంత సేపు పట్టింది.

మూడో రోజు అక్కకు కాస్త తెరిపి వచ్చింది. బావ మందులకు పోయాడు. ముక్కుకు గొట్టం పెట్టుకొని, నా వైపు చూసి, నీ పువ్వు వాడిపోయిందేంరా అంది. అది పువ్వు కాదక్కా, మంచు అన్నాను. సిపాయి దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. బెల్లం సంగతి కూడా.

అక్క మొహం గోడ వైపు తిప్పుకుంది. తర్వాత భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకున్నాను.

"మంచు టైర్లా? కర్నూల్లోనా?"

నవ్వుతోంది. నొప్పికి పక్కటెముకలు పట్టుకొని నవ్వుతోంది. నేను ఎన్నేళ్లు వాగినా ఆమెను అంతగా నవ్వించలేదు. నవ్వు ఆగాక ఆయాసం తీర్చుకొని, నా చెయ్యి పట్టుకొంది.

"మీ బావకు చెప్పాకు. చెప్తే నీ కొట్టు గడప తొక్కడు. నేను పోయినాక ఆయప్పను నవ్వించేదానికి నువ్వు తప్ప ఎవరుండారురా?"

చెప్పనన్నాను.

ఆ తర్వాత ఆరు వారాలు వచ్చింది. అన్నిసార్లూ ఆ మామూలు టైర్ల మీదే. మొదటిసారి దిగినప్పుడు నేను అడగలేక అడిగాను, ఎట్ల ఉందక్కా అని. ఆమె బావ వైపు ఒకసారి చూసి, నాకు మాత్రమే వినబడేలా, ఏం తేడా లేదురా, అంతే మెత్తగుండాది అంది. నన్ను ఓదార్చడానికి అన్నదనుకున్నాను మొదట. తర్వాత ఒకరోజు ఆమె మిషను మీద ఉండగా మళ్లీ బావతో పోయి వెనక సీట్లో పడుకొని చూశాను. ఆమె చెప్పింది నిజం. మెత్తదనమంతా గోడ ఎత్తులో ఉంది. కొలతలో ఉంది. ఆ రబ్బరులో ఏమీ లేదు. నవంబరులో మామూలు టైర్లు వేసి ఉన్నా ఆమె అంతే సుఖంగా వచ్చేది. మే నెలలో కూడా దావ మధ్యలో ఆగకుండా వచ్చేది. బావ గుంత గుంతకూ పట్టుకో అంటూనే ఉన్నాడు. నేను మొహానికి టవలు అడ్డం పెట్టుకొని పడుకున్నాను.

జూన్ చివర ఒక శుక్రవారం, మిషను మీద ఉండగానే అక్క పోయింది. ఎట్లాగైనా ఇంతేనయ్యా, ఈ గుండెతో ఇన్నాళ్లు రావడమే గొప్ప అన్నాడు డాక్టరు. ఆ మంగళవారం ఎండలో కూర్చోకపోయి ఉంటే ఇంకెన్నాళ్లు వచ్చేదని నేను అడగలేదు. ఆయన చెప్పేవాడు కూడా కాదేమో.

అంబులెన్సు పిలుస్తామన్నారు. బావ వద్దన్నాడు, మన బండి ఉంది కదా అన్నాడు. ఆయన వెనక కూర్చొని అక్క తలను ఒడిలో పెట్టుకున్నాడు. కాళ్ల కింద నాయన పరుపు. నేను తోలాను. మధ్యాహ్నం మబ్బు పట్టి ఉంది, చినుకు పడలేదు. బావను నవ్వించమని అక్క అప్పగించి పోయిన పని గుర్తొచ్చింది. ఏదైనా ఒక మాట అందామని ఎన్నిసార్లో గొంతు సవరించుకున్నాను. నా జీవితంలో మొదటిసారి నోట్లో ఏమీ లేదు.

నాపరాళ్ల దొంతర వచ్చింది. సగం బండలు అమ్ముడుపోయి ఎత్తు తగ్గి ఉంది. దాన్ని దాటితే గుంతలు మొదలు. మొదటి గుంత దూరం నుంచే చూసి బ్రేకు మీద కాలు పెట్టాను. రెండో గేరు, తర్వాత మొదటి గేరు. ముందు చక్రాలు దిగాయి. వెనక చక్రాలు దిగేముందు, వెనక సీటులోంచి, ఎప్పటి గొంతుతోనే, బావ మెల్లగా అన్నాడు.

"పట్టుకో."

నేను అద్దంలో చూడలేదు. తర్వాతి గుంత కోసం దావ చూస్తూ తోలాను.